మైసూరు వెలుగులు... చెదరకుండా!

దసరా రోజుల్లో సాయంత్రం ఆరూ యాభైకి మైసూరు ప్యాలెస్ ముందు నిలబడితే ఒక తమాషా కనిపిస్తుంది. ప్యాలెస్ ఇంకా చీకట్లోనే ఉంటుంది గానీ, దాని ముందు జనం చేతుల్లో ఫోన్లు మాత్రం వెలిగిపోతుంటాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు కూడా రెండో చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకుని రెడీగా ఉంటారు. ఏడు అవుతుంది. ఎక్కడో ఎవరో స్విచ్ వేస్తారు. సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. మైదానం మొత్తం "ఓ..." అంటుంది. ఆ మొదటి పది సెకన్లలో అక్కడ తీసే ఫొటోల్లో సగానికి సగం చెదిరిపోయినవే అయ్యుంటాయని నా అనుమానం. నమ్మకపోతే దసరా రోజుల్లో మీ బంధువుల వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. ప్యాలెస్ బదులు పసుపు రంగు అల్లిబిల్లి గీతలు కనిపిస్తాయి.

తప్పు ఫోన్లది కాదు, తీసేవాళ్లదీ కాదు. ఆ భవనం అలాంటిది. మామూలు భవనాన్ని రాత్రిపూట ఫ్లడ్‌లైట్లు వేసి చూపిస్తారు, గోడ మొత్తం ఒకేలా వెలుగుతుంది. దాన్ని కాస్త షేక్ చేసి తీసినా పెద్దగా తెలీదు, కొంచెం మెత్తగా అనిపిస్తుందంతే. మైసూరు ప్యాలెస్‌ని చుక్కలతో గీశారు. ప్రతి కమాను అంచునా, ప్రతి గోపురం మీదా, ప్రతి అంతస్తు గీత వెంటా వరసగా బల్బులు. మన ఇళ్ల ముందు చుక్కల ముగ్గు వేసినట్టే. చీకట్లో చుక్క కదిలిందంటే అది చుక్కగా ఉండదు, గీత అవుతుంది. లక్ష చుక్కలుంటే లక్ష గీతలు. చెయ్యి ఎటు వణికిందో, ఎంత వణికిందో అన్నీ అందులో రాసి ఉంటాయి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కంటే మా నాన్న ఫోన్‌లోనే బాగా అర్థమైంది.

మా నాన్నది తెనాలి దగ్గర లైటింగ్ పని. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, తిరునాళ్లు... సీరియల్ సెట్లు కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో వెలిగే ప్రభలు మీరు చూసే ఉంటారు కదా, అంతెత్తు కట్టిన ప్రభల మీద రంగురంగుల బల్బులు. వాటి మీదా చాలా ఏళ్లు పనిచేశాడు. దసరా వచ్చిందంటే మాకు సెలవులు, ఆయనకి పని. కాబట్టి ఇంకొకళ్లు కట్టిన లైట్లు తీరిగ్గా కూర్చుని చూసింది లేదు. "మైసూరులో ప్యాలెస్‌కి లక్ష బల్బులంట. ఎలా కట్టారో చూడాలిరా" అని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. రెండేళ్ల కిందట కుడి చెయ్యి వణకడం మొదలైంది. మందులు వాడుతున్నాడు. తగ్గింది గానీ పోలేదు. వణికే చేత్తో నిచ్చెనెక్కి హోల్డర్లు బిగించడం కుదరదు కాబట్టి షాపు మూసేశాడు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. దసరాకి అమ్మానాన్నలు నా దగ్గరికి వస్తే, ముగ్గురం కలిసి రైలెక్కి మైసూరు వెళ్లాం. ఫొటోలు తీయడం నా సరదా కాబట్టి కెమెరా, ట్రైపాడ్ సర్దుకున్నా. కానీ నాన్న ముందే చెప్పేశాడు, "నువ్వు తీసుకునేవి తీసుకో. ప్యాలెస్ ఫొటో మాత్రం నా ఫోన్లో నేనే తీసుకుంటా. మా వాళ్లకి పంపాలి."

మా వాళ్లంటే మేము కాదు. ఆయనతో పాటు లైటింగ్ పనిచేసిన నలుగురు.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. బెంగళూరు నుంచి మైసూరు 145 కిలోమీటర్ల దూరం. పొద్దున్నుంచి రాత్రి దాకా రైళ్లున్నాయి. హైదరాబాద్ వాళ్లయితే కాచిగూడ నుంచి రాత్రి రైలెక్కొచ్చు. విజయదశమి రోజు జంబూ సవారీ చూడాలనుకుంటే సరే, అంబారీ మోసే ఏనుగుని చూడటం ఒక అనుభవమే. కానీ లైట్ల కోసం, ఫొటోల కోసం అయితే ఆ రోజు వెళ్లకండి. నవరాత్రుల్లో ముందు రోజుల్లో, అదీ వారం మధ్యలో వెళ్తే కాలు పెట్టడానికి చోటుంటుంది. దసరా కాకపోయినా ఆదివారాలూ, ప్రభుత్వ సెలవు రోజుల్లోనూ సాయంత్రం ఏడింటికి కాసేపు ప్యాలెస్ వెలిగిస్తారు. దసరాకైతే రోజూ వెలుగుతుంది, ఇంకా ఎక్కువసేపు.

మొదటి రోజు సాయంత్రం మేము లోపల మైదానంలో, ప్యాలెస్‌కి ఎదురుగా, కాస్త ఎడమ పక్కకి నిలబడ్డాం. మధ్యలో నిలబడాలని అందరూ పోటీ పడతారు గానీ దసరాలో అక్కడ సాంస్కృతిక కార్యక్రమాల వేదిక, కుర్చీలు, బారికేడ్లు ఉంటాయి. పక్కకి జరిగితే ఆ గొడవ ఉండదు, పైగా గోపురాలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపిస్తాయి. లైట్లు వెలిగాయి. అమ్మ దండం పెట్టుకుంది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నాలుగైదు ఫొటోలు తీశాడు. తీసినవి పెద్దవి చేసి చూశాడు. ప్రతి బల్బూ ఒక చిన్న గాలపు కొక్కెంలా వంకర తిరిగి ఉంది. అన్నీ ఒకేలా, అచ్చు గుద్దినట్టు.

"ఏరా, ఈసీజీ తీసినట్టుందే" అన్నాడు.

నవ్వాడు గానీ ఫోన్ జేబులో పెట్టేశాడు. నా కెమెరాలో తీసినవి చూపించాను. బాగున్నాయన్నాడు. పంపించనా అంటే, "తర్వాత చూద్దాంలే" అన్నాడు. ఆ "తర్వాత"కి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు.

మేము సాఫ్ట్‌వేర్ వాళ్లం ఏదైనా పనిచెయ్యకపోతే ముందు కోడ్ మార్చం, లాగ్ చూస్తాం. ఎక్కడ ఆగింది, ఏం జరిగింది అన్నది అందులో ఉంటుంది. లైట్ల ఫొటోకి దాని బల్బులే లాగ్. ఆ రాత్రి లాడ్జిలో ఫోన్ ముందేసుకుని నాన్నా నేనూ చేసింది అదే. బల్బులన్నీ ఒకే ఆకారంలో, ఒకే వైపు వంకర తిరిగి ఉంటే కదిలింది చెయ్యి. బల్బులు గుండ్రంగా, బూందీ లడ్డూలో బూందీలా ఉబ్బి ఉంటే చెయ్యి కదల్లేదు, ఫోకస్ తప్పింది. బల్బులు చక్కగా ఉండి ముందున్న మనుషులు మాత్రం పొగలా ఉంటే కదిలింది వాళ్లు, మీరు కాదు. ప్రతి బల్బు నుంచీ ఒకే దిక్కుకి పొడుగాటి వెలుగు చార సాగితే లెన్స్ మీద వేలి జిడ్డుంది, చొక్కా అంచుతో తుడిస్తే పోతుంది. రోగం ఏదో తెలియకుండా మందు వేస్తేనే వస్తుంది చిక్కు. ఫోకస్ తప్పిన ఫొటోకి ట్రైపాడ్ ఎంత ఖరీదైనది కొన్నా లాభం లేదు. మనుషులు కదిలిన ఫొటోకి ఫోన్ అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే స్టెబిలైజేషన్ కూడా పనికిరాదు. అది మీ చేతి కదలికని సరిదిద్దుతుంది గానీ, ఎదురుగా ఐస్‌క్రీమ్ కోసం పరిగెత్తే పిల్లాడిని ఆపలేదు కదా.

నాన్న సమస్య మొదటిది. లెక్క సులభమే. వణికే చెయ్యి సెకనుకి ఐదుసార్లు అటూ ఇటూ ఊగుతుందనుకోండి. కెమెరా కన్ను సెకనులో ఐదో వంతు తెరుచుకుని ఉంటే మొత్తం ఊపు ఫొటోలో పడిపోతుంది, కొక్కెం తయారు. అదే 1/80 సెకను తెరుచుకుంటే ఆ ఊపులో పదహారో వంతే పడుతుంది. చెయ్యి అదే, వణుకు అదే. ఫొటోలో మాత్రం దాదాపు కనిపించదు.

మరి ఫోన్ అంతసేపు ఎందుకు తెరిచి ఉంచుతోంది? పైన ఆకాశం నల్లగా ఉంది, కింద జనం నల్లగా ఉన్నారు. "అమ్మో, చీకటి" అనుకుని ఫోన్ కంగారుపడి ఎక్కువసేపు వెలుతురు పోగేసుకుంటుంది. నిజానికి మనకి కావాల్సింది ఆ చీకటి కాదు, బల్బులు. అవి చాలా వెలుగు ఇస్తున్నాయి. అందుకే ఆటోలో తీసిన ఫొటోలో ప్యాలెస్ తెల్లగా కాలిపోయినట్టూ ఉంటుంది, షేక్ అయినట్టూ ఉంటుంది. రెండింటికీ మందు ఒకటే. ప్యాలెస్ మీద బాగా వెలిగే చోట వేలు నొక్కి పట్టుకోండి. ఫోకస్, వెలుతురు రెండూ అక్కడికి లాక్ అవుతాయి. పక్కనే సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి లాగండి. ఫొటో చీకటిగా మారుతున్నట్టు అనిపిస్తుంది, భయపడకండి. కమానుల మీద నగిషీ కనిపించేదాకా లాగండి. చాలా ఫోన్లు అప్పుడు షట్టర్ స్పీడ్ కూడా పెంచుతాయి. కొన్ని ఫోన్లు మాత్రం ఐఎస్ఓ తగ్గించి సరిపెడతాయి. అలాంటప్పుడు ప్రో మోడ్‌లోకి వెళ్లి మనమే చెప్పాలి.

మాకు కుదిరిన అంకెలు చెప్తాను. ఎఫ్/1.8 లెన్స్ ఉన్న నాన్న ఫోన్లో ఐఎస్ఓ 1600, షట్టర్ 1/80. ట్రైపాడ్ మీద నా కెమెరాలో ఐఎస్ఓ 100, ఎఫ్/8, నాలుగు సెకన్లు. చూడ్డానికి ఎక్కడా పొంతన లేనట్టున్నా లెక్క కడితే రెండూ ఒకే వెలుతురు. లెన్స్ రంధ్రం ఇరవై రెట్లు, ఐఎస్ఓ పదహారు రెట్లు. రెండూ కలిస్తే 320. నాలుగు సెకన్లని 320తో భాగిస్తే 1/80. నాన్నకి ఈ లెక్క భలే నచ్చింది. "వోల్టేజీ పెంచి కరెంటు తగ్గించినట్టు" అన్నాడు. అంత కచ్చితమైన పోలిక కాదు గానీ నేను దిద్దలేదు.

నైట్ మోడ్ సంగతి అడుగుతారని తెలుసు. అది వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా అతికిస్తుంది. వీధి దీపం కింద, గుడి గోపురం చీకట్లో ఉన్నప్పుడు దానికి తిరుగులేదు. కానీ లక్ష బల్బుల భవనానికి నైట్ మోడ్ ఎందుకు? నల్లటి ఆకాశాన్ని బూడిద రంగు చేస్తుంది, ముందు నడిచేవాళ్లని దెయ్యాలు చేస్తుంది. నా మట్టుకు నేను ఇక్కడ ఆపేస్తాను.

రెండో రోజు సాయంత్రానికి ఇంకో ఏర్పాటు కూడా చేశాం. జనంలో ట్రైపాడ్ విప్పడం నాకు ఇష్టం ఉండదు. ఎవరో ఒకరు తట్టుకుంటారు, లేదంటే భద్రతా సిబ్బంది వచ్చి మడిచెయ్యమంటారు, వాళ్ల ఇబ్బంది వాళ్లది. దానికంటే అమ్మ కుట్టిన గుడ్డ సంచీ నయం. జానెడు సంచీలో అర కిలో పెసలు పోసి మూతి కుట్టేసింది. దేవరాజ మార్కెట్‌లో కొన్న పెసలవి. ఏ గోడ మీదో, కటకటాల మీదో ఆ సంచీ పెట్టి, దాన్లో ఫోన్‌ని గుచ్చినట్టు నిలబెడితే గింజలు సర్దుకుని గట్టిగా పట్టుకుంటాయి. పెద్ద కెమెరా వాళ్లు ఇలాంటివి వందలు పోసి కొనుక్కుంటారు. మాది పని అయ్యాక మొలకలు కట్టుకోవడానికి కూడా పనికొచ్చింది.

ఇక బటన్ నొక్కడం. వణికే చెయ్యి ఫోన్‌ని పట్టుకోకపోయినా, తాకినా చాలు, కదులుతుంది. మూడు సెకన్ల టైమర్ పెడితే వేలు తీసేశాక ఫోన్ కుదురుకోవడానికి టైమ్ ఉంటుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెడితే, దాని మీద ఉండే వాల్యూమ్ బటన్ చాలా ఫోన్లలో ఫొటో తీస్తుంది. టైమర్ అంటే నాన్న మొహం అదోలా పెట్టాడు. మూడు సెకన్లలో ఎవడైనా అడ్డం వస్తాడని ఆయన బాధ. ఇయర్‌ఫోన్ చూపించగానే మాత్రం కళ్లు మెరిశాయి. "ఇదీ పద్ధతంటే. బల్బు అక్కడ, స్విచ్చి నా చేతిలో."

ఆరున్నరకే వెళ్లి కూర్చున్నాం. ఎదురుచూసే ఆ అరగంటలో ఆయనకి ప్యాలెస్ కథ చెప్పాను. అంతకుముందున్న చెక్క ప్యాలెస్ 1897లో రాకుమారి పెళ్లి సమయంలో నిప్పంటుకుని కాలిపోయింది. కొత్తదానికి హెన్రీ ఇర్విన్ అనే ఆర్కిటెక్ట్ నమూనా గీశాడు. సిమ్లాలో వైస్రాయ్ లాడ్జి కూడా ఆయన గీసిందే. 1912కి ఇది పూర్తయింది. మధ్యలో, 1902లో, కావేరి మీద శివనసముద్రం దగ్గర జల విద్యుత్ కేంద్రం మొదలై కోలారు బంగారు గనులకి కరెంటు వెళ్లింది. 1905లో బెంగళూరు వీధి దీపాలు వెలిగాయి. అంటే ఈ రాజ్యంలో ప్యాలెస్ గోడలు లేస్తున్న కాలంలోనే కరెంటూ వచ్చింది. నాన్న మిగతాదంతా ఊఁ కొట్టి, ఒకటే అడిగాడు: "అప్పుడు వైరింగ్ చేసినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా?"

ఆరుంబావు దాటేసరికి సూర్యుడు పోయాడు. ఇక్కడ ఒక చిక్కుంది, ఫొటోల పుస్తకాలు చెప్పనిది. రాత్రి లైట్లని ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక కాకుండా, ముదురు నీలంగా ఉన్నప్పుడు తియ్యమంటారు. నీలం మీద పసుపు బాగుంటుంది, గోపురాల అంచులు చీకట్లో కలిసిపోవు. మాట నిజమే. కానీ దసరా రోజుల్లో మైసూరులో ఏడయ్యేసరికి ఆ నీలం దాదాపు అయిపోతుంది. కంటికి ఆకాశం నల్లగానే ఉంటుంది. మొదటి ఐదు పది నిమిషాల్లో నాలుగు సెకన్ల ఫొటో తీస్తే మాత్రం కొంచెం నీలం కెమెరాకి దొరుకుతుంది. కాబట్టి ట్రైపాడ్ పని ముందు, ఫోన్ పని తర్వాత. నీలం ఆకాశమే కావాలంటే దసరాకి కాదు, జూన్ జూలై ఆదివారాల్లో రండి. అప్పుడు సూర్యాస్తమయం ఏడుకి కాస్త ముందు అవుతుంది కాబట్టి బల్బులు వెలిగాక పావుగంటకి ఆకాశం సరిగ్గా ఆ రంగులో ఉంటుంది. వాన లేకపోతే! వాన పడి ఆగితే ఇంకా అదృష్టం. తడి నేల మీద ఇంకో ప్యాలెస్.

ఏడయింది. వెలిగింది. నాన్న బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆ తర్వాత నేను పట్టించుకోలేదు, అమ్మ ఫొటో తీసే పనిలో పడ్డా.

అమ్మ ఫొటో వేరే కథ. వెలుగుల ముందు మనిషిని నిలబెట్టి తీస్తే వెనక ప్యాలెస్ వస్తుంది, మనిషి నల్లటి బొమ్మ అవుతుంది. ఫ్లాష్ వేస్తే మనిషి పాలిపోతుంది, వెనక ప్యాలెస్ వెలవెలబోతుంది. అందుకని రెండో ఫోన్ టార్చ్ వేసి, దాని మీద తెల్ల చేతి రుమాలు రెండు మడతలు పెట్టి, పక్క నుంచి మొహం మీద పడేలా నాన్నని పట్టుకోమన్నాను. టార్చ్ కాస్త వణికినా ఫొటోకి నష్టం లేదు, వెలుగు అక్కడే పడుతుంది కదా. షట్టర్ 1/60కి తగ్గకుండా ఉంచి, అమ్మని ఊపిరి ఒక్క క్షణం బిగబట్టమన్నాను. "ఎక్స్‌రే తీసేటప్పుడు అన్నట్టే అంటున్నావు" అని నవ్వేసింది, మూడు ఫొటోలు అలా పోయాయి, నాలుగోది బాగా వచ్చింది. కానీ నాకు వాటన్నిటికంటే నచ్చింది అమ్మ ప్యాలెస్ వైపు తిరిగి ఉండగా తీసింది. అందులో ప్యాలెస్ లేదు. దాని వెలుగు అమ్మ మొహం మీదా, చుట్టూ ఉన్న పదిమంది మొహాల మీదా పడుతోంది. టార్చ్ అక్కర్లేని లైటు అది. అక్కడికి వెళ్తే ఒక్కసారి వెనక్కి తిరిగి జనాన్ని తీయండి. ఎవరూ మిమ్మల్ని చూడరు, అందరి కళ్లూ గోపురం మీదే ఉంటాయి.

తర్వాత సయ్యాజీరావు రోడ్డుకి నడిచాం. జంబూ సవారీ వెళ్లే దారి అది. దసరాకి ఆ రోడ్డు మీదా, కేఆర్ సర్కిల్ చుట్టూ లైట్ల కమానులు కడతారు. అవి ఎల్ఈడీలు, నా ఫోన్లో వీడియో పెట్టగానే తెర మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకడం మొదలుపెట్టాయి. ప్యాలెస్ దగ్గర ఈ బాధ లేదు. ఎందుకో నాన్న చెప్పాడు. మన కరెంటు సెకనుకి యాభై ఆవృత్తాలు, అంటే బల్బుకి వందసార్లు శక్తి అందుతూ ఆగుతూ ఉంటుంది. ఫిలమెంట్ బల్బులో తీగ కాలి ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆ లిప్తపాటులో చల్లారదు, వెలుగు పెద్దగా తగ్గదు. ఎల్ఈడీకి అలా వేడి నిలవ ఉండదు. లోపల మంచి సర్క్యూట్ ఉంటే సరే, చవక సీరియల్ సెట్లయితే నిజంగానే ఆరి వెలుగుతుంటాయి. కొన్నిట్లో సగం ఆవృత్తమే వాడతారు, అవి సెకనుకి యాభైసార్లే వెలుగుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. దీనికి నేను చేసేది షట్టర్ 1/50 పెట్టడం. అప్పుడు ఒక పూర్తి ఆవృత్తం లోపల పడుతుంది, ఏ రకం ఎల్ఈడీ అయినా చారలు పోతాయి. చేతి వణుకుకి 1/80 మంచిదన్నాను, ఇక్కడేమో 1/50 అంటున్నాను. అవును, ఒకదానికి మేలు చేసేది ఇంకోదానికి కీడు. అందుకే పెసల సంచీ. అమెరికాలో ఉండి క్రిస్మస్ లైట్లు తీసేవాళ్లకి అక్కడ కరెంటు అరవై ఆవృత్తాలు, కాబట్టి 1/60 పెట్టుకోవాలి.

పరుగెత్తే లైట్లు ఇంకో తలనొప్పి. నెమలి ముందు పచ్చగా, తర్వాత నీలంగా, తర్వాత తోక మాత్రమే వెలుగుతుంది. సెకను సేపు తెరిచి ఉంచితే అన్నీ కలిసి తెల్లటి ముద్ద. నాన్న కంట్రోలర్ వరస రెండుసార్లు గమనించి "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... ఆఁ, నొక్కు" అన్నాడు. పూర్తి నెమలి దొరికింది. ఇన్నేళ్లూ అలాంటి పెట్టెలు బిగించిన మనిషి పక్కనుంటే ఏ యాప్ అక్కర్లేదు.

మర్నాడు చాముండి కొండ మీదికి కూడా వెళ్లాం, చీకటి పడ్డాక ఊరు మొత్తం కనిపిస్తుందని. కనిపిస్తుంది, ప్యాలెస్ దోసెడు నిప్పుల్లా ఉంటుంది. కానీ అక్కడ గాలి. ట్రైపాడ్ కాళ్ల మధ్య బ్యాగు వేలాడదీసినా పొడుగు లెన్స్ ఊగుతూనే ఉంది. పది తీస్తే రెండు మిగిలాయి. ఫొటో కోసమే అయితే నేను మళ్లీ కొండెక్కను, అమ్మవారి దర్శనానికైతే ఎప్పుడైనా ఎక్కుతా.

రెండో రోజు రాత్రి సంగతి మిగిలింది. లాడ్జికి వచ్చాక నాన్న తన ఫోన్ నాకు ఇవ్వలేదు. మంచం మీద బోర్లా పడుకుని ప్యాలెస్ ఫొటోని పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతున్నాడు. ఏం చేస్తున్నావంటే, "మాడిపోయినవి లెక్కపెడుతున్నా" అన్నాడు. ఫొటో అంత స్పష్టంగా ఉందా అని నాకే అనుమానం వచ్చి లెక్క కట్టాను. ప్యాలెస్ పొడవు 245 అడుగులు. ఫొటో వెడల్పులో నాలుగు వేల చుక్కలు. ప్యాలెస్ ఫొటో నిండా ఉంటే ఒక్కో చుక్కకి ముప్పావు అంగుళం. పక్కపక్క బల్బుల మధ్య ఉండే ఎడం దానికంటే చాలా ఎక్కువ. కాబట్టి చెయ్యి కదలకపోతే, వరసలో ఒక్క బల్బు పోయినా పన్ను ఊడినట్టు తెలిసిపోతుంది. ముందు రోజు తీసిన కొక్కేల ఫొటోలో పక్క బల్బులు కూడా కలిసిపోయాయి. ఇందులో విడివిడిగా ఉన్నాయి.

"ఒకటి పోతే అదొక్కటే పోయింది చూడు, పక్కవి వెలుగుతూనే ఉన్నాయి. మన సీరియల్ సెట్టు కాదు. దేనికది విడిగా ఇచ్చారు" అని ఆయన చెప్పుకుపోతున్నాడు. మొత్తం పదకొండు తేలాయి. ఫొటో ఎడిట్ చెయ్యనివ్వలేదు, ఫిల్టర్ వెయ్యనివ్వలేదు. అలాగే వాళ్ల గ్రూపులో పెట్టి కింద "11" అని మాత్రం రాశాడు.

పదిన్నరకి ఫోన్ మోగింది. అవతల కోటప్పకొండ ప్రభల మీద ఆయనతో పాటు పనిచేసిన బాబాయి. పలకరింపు కూడా లేదు. "బావా, పన్నెండు. ఎడమ పక్క గోపురం కింద, రెండో వరసలో చూడు" అంటున్నాడు. నాన్న లేచి కూర్చుని కళ్లజోడు వెతుక్కున్నాడు.